తొర్రూరు బస్సులో జర్మన్ చిల్లర

ఆయన పోయిన రోజున హన్మకొండ బస్టాండులో తొర్రూరు బస్సులు అరగంట ఆలస్యంగా కదిలాయట. డ్రైవర్లూ కండక్టర్లూ కలిసి ఆయన ఇంటికి వెళ్ళి దండ వేసి వచ్చేసరికి అంత సేపు పట్టిందట. ఈ కబురు నాకు చెప్పింది మా కాలేజీ అటెండరు. ఆలస్యంగా వచ్చినందుకు నేను కేకలేస్తే కారణం చెప్పాడు. రిటైరై రెండేళ్ళయిన కండక్టరు కోసం బస్సులు ఆగాయని వినగానే, నేను పోతే మా కాలేజీలో ఒక్క పీరియడైనా ఆగుతుందా అని లెక్క వేసుకున్నాను. ఆగదు. నా క్లాసుకు ఇంకొకరిని పంపమని ప్రిన్సిపాలు ఐదు నిమిషాల్లో చీటీ రాస్తాడు.

బతికున్నంత కాలం కూడా ఆయన నన్ను ఇట్లాగే కాల్చుకు తిన్నాడు. ఒక్క మాట అనలేదు, ఒక్కసారి పోటీకి రాలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన గొప్ప ఇంకొంచెం పెరుగుతుంది.

డెబ్బైల నడుమ సంగతి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై, ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేస్తున్నాను. మాది తొర్రూరు. హన్మకొండలో గది తీసుకుని ఉండేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం ఊరికి పోయి ఆదివారం తెల్లవారగానే మొదటి బస్సుకు తిరిగి వచ్చేవాణ్ణి. అమ్మ చేతి కూర ఇంకో పూట తిని రావచ్చు కదా అని ఇంట్లో గొడవ. నేను ఆగేవాణ్ణి కాదు. ఆదివారం పది గంటలకు జర్మన్ క్లాసు ఉండేది.

ఆ క్లాసు చెప్పేది ఒక రిటైర్డు ప్రొఫెసరుగారు. యవ్వనంలో జర్మనీలో అద్దకపు రంగుల మీద పరిశోధన చేసి వచ్చిన మనిషి. హన్మకొండలో తన ఇంటి వరండాలో బల్ల వేసి, ఫీజు లేకుండా చెప్పేవారు. మేం ఏడుగురం. అందులో ఆరుగురం డిగ్రీలున్న కుర్రాళ్ళం. ఆరుగురి కడుపులోనూ ఒకటే ఆశ. పడమటి జర్మనీలో రంగుల కంపెనీలు మనలాంటి వాళ్ళకు స్టైపెండిచ్చి రెండేళ్ళు ట్రైనింగ్ ఇస్తాయని విన్నాం. భాష రావాలి, అక్కడి వాళ్ళెవరైనా ఒకరు మంచి మాట రాయాలి. ఆ ఆరుగురిలో నా అంత ఆశ ఇంకెవరికీ లేదు. నా గది గోడ మీద జర్మనీ పటం ఉండేది. ఏ ఊళ్ళో ఏ కంపెనీ ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి.

ఏడోవాడు తొర్రూరు రూటు కండక్టరు. నలభై అయిదేళ్ళ మనిషి, చెవి మీద పెన్ను, ఖాకీ చొక్కా, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. ఆ జుట్టంటే ఆయనకు మహా మోజు. కిటికీ పక్క సీట్లో కూర్చున్న వాళ్ళను అద్దం దించమని గదమాయించేది దుమ్ముకు భయపడి కాదు, జుట్టు చెదురుతుందని.

ఆయన క్లాసుకు రావడమే విచిత్రంగా వచ్చాడు. అంతకుముందు ములుగు రూట్లో ఉన్నప్పుడు, రామప్ప గుడికి పోతున్న తెల్ల దంపతులు ఇచ్చిన చిల్లరలో ఒక విదేశీ నాణెం అర్ధ రూపాయిలాగా కలిసిపోయింది. సాయంత్రం డిపోలో క్యాషియరు దాన్ని గీకి చూసి ఇది చెల్లదని వెనక్కి తోశాడు. ఈయన తన జేబులోంచి ఆ అర్ధ రూపాయి కట్టి, నాణెం దగ్గర పెట్టుకున్నాడు. పైసలు పోయినందుకు ఆయనకు బాధ లేదు. తన సంచిలోకి వచ్చిన నాణేనికి పేరు తెలియకపోవడం మాత్రం ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. బస్సెక్కిన ప్రతి చదువుకున్నవాణ్ణీ అడిగి అడిగి, చివరికి ప్రొఫెసరుగారి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. మేమంతా చూస్తుండగానే నాణెం బల్ల మీద పెట్టి దీని పేరేందని అడిగాడు. యాభై ఫెనిషుల బిళ్ళ అన్నారు ప్రొఫెసరుగారు. వంద ఫెనిషులైతే ఒక మార్కు. ఈయన కాసేపు ఆ మాటను నోట్లో తిప్పుకుని, అడిగాడు.

"దీని తోడబుట్టినోళ్ళ పేర్లు సుత చెప్తరా సార్?"

ప్రొఫెసరుగారు అంతగా నవ్వడం మేం అప్పటిదాకా చూడలేదు. ఆ రోజు నుంచే నాకు ఆ మనిషి గిట్టలేదు.

కండక్టరు షరతు ఒక్కటే. పైసల మాటలు తప్ప ఇంకేమీ నేర్చుకోడు. క్రియలు, విభక్తులు ఈ పిల్లలకు చెప్పండి, నాకు పైసల వరకే చాలు అనేవాడు. మేం వ్యాకరణం చదువుతున్నంత సేపూ వరండా మెట్ల మీద కూర్చుని చిరిగిన నోట్లు సవరించుకునేవాడు. ఏ నోటు తల ఎటుందో చూసి అన్నిటినీ ఒకే వైపు తిప్పి పెట్టేవాడు. పైసల దగ్గరికి వచ్చేసరికి లేచి బల్ల దగ్గరికి వచ్చేవాడు.

నేను నేర్చుకునే పద్ధతి వేరు. నోటుబుక్కులో గీతలు గీసి, ఎడమ పక్క జర్మన్, కుడి పక్క ఇంగ్లీషు రాసి, పొద్దున అయిదింటికి లేచి బట్టీ పట్టేవాణ్ణి. గెల్ట్ అంటే డబ్బు. మ్యున్‌త్సె అంటే నాణెం. షైన్ అంటే నోటు. క్లైన్‌గెల్ట్ అంటే చిల్లర. వారమంతా చదివి ఆదివారం బల్ల దగ్గరికి వెళ్ళేసరికి సగం మాటలు ఎటో పోయేవి. కండక్టరు నోటుబుక్కు ముట్టుకోలేదు. ఒక్కో మాటను ఒక్కో నాణేనికి కట్టేసుకున్నాడు. బస్సులో అయిదు పైసల బిళ్ళ వేలి మీదకు రాగానే పెదవులు కదిలేవి, పది పైసలు రాగానే ఇంకో మాట. రోజుకు ఆరేడు వందల సార్లు ఆ బిళ్ళలు ఆయన వేళ్ళ మీద నడిచేవి. అన్నిసార్లు చదివే పరీక్ష నాకెక్కడ దొరుకుతుంది?

ప్రొఫెసరుగారి దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో తాను తెచ్చుకున్న పాత జర్మన్ చిల్లర దాచారు. ఒక ఆదివారం దాన్ని బల్ల మీద ఒంపి అంగడి ఆట పెట్టారు. ఆయన దుకాణదారు, మేం కొనేవాళ్ళం. నా వంతు వచ్చినప్పుడు నాణేల పేర్లు ఏ లింగమో, ఏ విభక్తిలో ఎట్లా మారుతాయో తడుముకోకుండా చెప్పాను. రొట్టెకు డబ్బు ఇవ్వమంటే మాత్రం పదికి బదులు అయిదు పెట్టాను. ఈయన వంతు వచ్చింది. చిల్లరంతా అరచేతిలోకి తీసుకుని, కళ్ళు సగం మూసి, బొటనవేలితో ఒక్కోదాన్ని ముందుకు తోస్తూ పేరు చెప్పుకుంటూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు. ప్రొఫెసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రొఫెసరుగారి భార్య టీ తెచ్చినప్పుడు మొదటి గ్లాసు కండక్టరుకే అందింది. అప్పటిదాకా ఆ మొదటి గ్లాసు నాది.

ఇంకో విషయంలో ఇంకా కడుపు మండింది. జర్మన్‌లో ఇరవై అయిదు అనాలంటే అయిదును ముందు చెప్పి ఇరవై తర్వాత చెప్పాలి. నాకు అది ఎంతకూ పట్టుబడలేదు. తలలో తెలుగు అంకె నిలబడితే నోరు తిరగబడేది. ఈయన మొదటి రోజే ఒప్పజెప్పాడు. ఎట్లా వచ్చిందని ప్రొఫెసరుగారు అడిగితే, తాను నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదివినవాణ్ణని, పైసలు ఇప్పటికీ ఉర్దూలోనే ఎంచుతానని, పచ్చీస్‌లో కూడా పాంచే ముందున్నది కదా అని చెప్పాడు. నా ఫస్టు క్లాసు ఆ వాకిట్లో ఎందుకూ పనికి రాకుండా పోయింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ హాలి సిక్కా రోజున తగిలింది. జర్మనీలు రెండు. తూర్పు మార్కు వేరు, పడమటి మార్కు వేరు, పేరు ఒకటే గానీ విలువ ఒకటి కాదని ప్రొఫెసరుగారు వివరిస్తున్నారు. మేం ఆరుగురం బుద్ధిగా రాసుకుంటున్నాం. మెట్ల మీద నుంచి ఈయన గొంతు వినిపించింది.

"అంటె మన హాలి, కల్దారు లెక్కనా సార్?"

అందరూ ఆయన వైపు తిరిగారు. చిన్నప్పుడు తండ్రి వెంట నువ్వుల బస్తాతో కేసముద్రం పోయేవాడట. నిజాం రూపాయి హాలి, ఇంగ్లీషువాళ్ళ రూపాయి కల్దారు, ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. సావుకారి ధర చెప్పగానే తండ్రి ముందు ఏ పైసల్లో చెప్తున్నావని అడిగేవాడట. ఆ మాట అడగడం మరిచిన రోజున ఇంట్లో ఎవరికో ఒకరికి కొత్త బట్ట తగ్గేదట. ఇదంతా ఆయన నోట్లు సవరిస్తూనే చెప్పాడు. ప్రొఫెసరుగారు పుస్తకం మూసేశారు. నేను జర్మనీలో ఆరేళ్ళున్నాను, ఈ మాట నాకు ఎందుకు తట్టలేదు అన్నారు. నేను అప్పటికి రెండేళ్ళుగా ఆ బల్ల ముందు కూర్చుంటున్నాను. నన్ను చూసి ఆయన ఒక్కసారీ పుస్తకం మూయలేదు.

కండక్టరుకు మాత్రం నా మీద ప్రేమ. అది ఇంకా కంపరంగా ఉండేది. శనివారం బస్సులో నాకు ముందు సీటు ఆపేవాడు, తమ్మీ అని పిలిచేవాడు. చిల్లర లేనప్పుడు కండక్టర్లు ఇవ్వాల్సిన బాకీని టికెట్టు వెనక రాస్తారు, దిగేటప్పుడు ఆ టికెట్టు చూపించి పైసలు తీసుకోవాలి. ఎక్కిన ప్రతివాడూ ఎరిగిన పద్ధతే. నా టికెట్టు వెనక ఈయన ఆ బాకీని జర్మన్‌లో రాసేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, వంకర టింకరగా, అంకె బదులు మాట రాసి, కనుబొమలెగరేసి చేతిలో పెట్టేవాడు. నేను చదివి తల ఊపితే ఆ రోజంతా సంబరం. బస్సులో అందరికీ ఇట్లాగే రాసి మురిసిపోతాడని అనుకునేవాణ్ణి. ఆయన గొప్పలు ఆయనవి అని పళ్ళు నూరుకునేవాణ్ణి.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం ప్రొఫెసరుగారు ఒక ఉత్తరం తెచ్చి చూపించారు. ఆయనకు తెలిసిన జర్మన్ వ్యాపారి ఒకాయన వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు చూసి కొనడానికి పై వారం బుధవారం వస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఒక రోజంతా మగ్గాల దగ్గర వెంట ఉండి మాట్లాడే మనిషి కావాలి. ఆ వ్యాపారికి రంగుల కంపెనీల వాళ్ళతో నిత్యం పని. ఆయన మంచి మాట రాస్తే స్టైపెండు దొరకడం కష్టం కాదు. ప్రొఫెసరుగారు ఇది చెబుతుంటే నేను నోటుబుక్కు మూసి ముందుకు జరిగి కూర్చున్నాను. ఇంకెవరున్నారు నేను కాక? వాక్యం తప్పు లేకుండా రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ప్రొఫెసరుగారు మెట్ల వైపు చూసి, మీకు బుధవారం సెలవు దొరుకుతుందా అని కండక్టర్ని అడిగారు. అక్కడ జరిగేది బేరం, బేరం దగ్గర పైసల మాట తప్పకూడదు అని మాకు సర్దిచెప్పారు. ఈయన సిగ్గుపడి, దొరకబట్టుకుంట సార్ అన్నాడు. నేను చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నాను. గదికి వెళ్ళి గోడ మీది పటం చింపేశాను. మళ్ళీ సాయంత్రం దాన్నే అన్నం మెతుకులతో అతికించుకున్నాను.

ఆ వారమంతా ఎట్లా గడిచిందో నాకే తెలుసు. అయిదో తరగతి దాటని మనిషి, జర్మనీ అక్కర్లేని మనిషి, ఎన్నడూ జర్మనీ పటం చూడని మనిషి, నా బతుకుకు అడ్డంగా నిలబడ్డాడు. పోనీ ఆయనైనా జర్మనీ పోతాడా అంటే పోడు. ఆ రోజు గడిచిపోతే మళ్ళీ టికెట్లు కొట్టుకుంటాడు. ఆయనకు ఆ బుధవారం ఎందుకు? ఈ ఒక్క మాటే వారమంతా నన్ను తిన్నది.

శనివారం బస్సెక్కాను. రెండున్నర టికెట్టుకు మూడు రూపాయలిచ్చాను. ఆయన టికెట్టు వెనక యాభై అని జర్మన్‌లో రాసి, అలవాటు ప్రకారం కనుబొమలెగరేశాడు. తొర్రూరులో దిగేటప్పుడు నేను ఆ అర్ధ రూపాయి అడగలేదు. టికెట్టు జేబులోనే ఉంచుకుని, జనంలో కలిసిపోయి దిగిపోయాను. ఆదివారం ఉదయం హన్మకొండకు వచ్చి, క్లాసుకు పోకముందే, ఎడమ చేత్తో డిపో మేనేజరుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. తమ కండక్టరు టికెట్ల వెనక ఎవరికీ అర్థం కాని గుర్తులు రాసి పల్లెటూరి ప్రయాణికుల చిల్లర ఎగ్గొడుతున్నాడని, సాక్ష్యంగా టికెట్టు జత చేస్తున్నానని. అంటించి డబ్బాలో వేసి, క్లాసుకు పోయి, ఆయన పక్కనే కూర్చున్నాను.

మంగళవారం పొద్దున ఆయన నా గదికి వచ్చాడు. ఆ జుట్టు దువ్వుకోని రోజు అదొక్కటే నేను చూసింది. తన మీద ఎవరో ఫిర్యాదు చేశారని, మేనేజరు అది గుర్తు కాదు భాషే అని నమ్మడం లేదని, చదవగలిగిన వాణ్ణి ఒకణ్ణి తెమ్మన్నాడని చెప్పాడు. నువ్వొచ్చి జర చదివి చెప్తె సాలు తమ్మీ అన్నాడు. ప్రొఫెసరుగారిని తీసుకుపోవచ్చు కదా అన్నాను. పెద్దాయనకు శ్రమ ఎందుకన్నాడు.

డిపోలో మేనేజరు బల్ల మీద నా ఉత్తరం ఉంది. దానికి గుండుసూదితో గుచ్చిన టికెట్టు. నా ఎడమ చేతి అక్షరాలు నన్నే చూస్తున్నట్టనిపించింది. మేనేజరు టికెట్టు తీసి నా ముందు పెట్టాడు. చదివాను. అర్థం చెప్పాను. ఇది జర్మన్ భాషేనని, యాభై పైసలని, తప్పేమీ లేదని చెప్పాను. అబద్ధం చెప్పాలనే ఆలోచన రాలేదా అంటే వచ్చింది. ధైర్యం చాలలేదు. మేనేజరు ఆయన వైపు తిరిగి, ఈ టికెట్టు ఎవరికిచ్చావు, గుర్తుందా అని గద్దించాడు. నేను నేల చూపులు చూశాను.

"బస్సు నిండ జనం సార్. ఎవరికిచ్చిన్నో యాదికి లేదు."

బతికిపోయాను. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషికి నా టికెట్టు గుర్తు లేకపోవడం నా అదృష్టమనుకున్నాను. మేనేజరు ఇంకోసారి ఇట్లాంటి వేషాలు వేయొద్దని మెమో ఇచ్చాడు. ఫైలు పైకి పోయి వచ్చేదాకా సెలవు లేదని, బుధవారం చీటీ అక్కడికక్కడే చింపేశాడు. బయటికి వచ్చాక ఈయన నాకు క్యాంటీనులో టీ ఇప్పించాడు. సల్లగుండు తమ్మీ అన్నాడు. ఆ టీ నేను తాగాను. చక్కెర తక్కువైందని కూడా అన్నాను.

ఆయనకు సెలవు లేకపోయేసరికి బుధవారం కొత్తవాడకు ప్రొఫెసరుగారు నన్నే పంపారు. ఏం జరిగిందో చెప్పడానికి ముఖం చెల్లదు గానీ చెప్తాను. నేత పనివాడు మొదటి జంపఖానాకు ఇరవై అయిదు రూపాయలన్నాడు. నేను జర్మన్‌లోకి తిప్పేసరికి అది యాభై రెండైంది. తెల్లాయన కళ్ళు పెద్దవి చేశాడు. సరిచేయబోయి ఇంకోటి చెప్పాను. తెల్లాయన నా భుజం తట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం మీద అంకెలు రాసి నేతాయనకు చూపించాడు. నేతాయన కొట్టేసి తన అంకె రాశాడు. ఇద్దరూ నవ్వుకుంటూ సాయంత్రం దాకా అట్లాగే బేరం చేసుకున్నారు. నేను ఆయన సంచి పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ప్రొఫెసరుగారికి రాసిన ఉత్తరంలో, మీ శిష్యుడు మర్యాదస్తుడు అని ఒక వాక్యం రాశాడు. ఆ వాక్యానికి ఏ కంపెనీ స్టైపెండు ఇవ్వలేదు. నేను వరంగల్ దాటలేదు.

క్లాసుకు కండక్టరు మళ్ళీ రాలేదు. డ్యూటీలు కుదరడం లేదని కబురు చేశాడు. ప్రొఫెసరుగారు కొన్ని ఆదివారాలు మెట్ల వైపు చూస్తూ పాఠం చెప్పారు. ఆయన బస్సు ఎక్కాల్సి వస్తుందని నేను, దగ్గరి దారి కాకపోయినా, రైలెక్కి స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా చుట్టు తిరిగి ఊరికి పోవడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యింది, పర్మనెంటయ్యింది, తల నెరిసింది. ఎక్కడైనా ఎవరైనా చిల్లర ఎంచుతుంటే వేళ్ళు చూసేవాణ్ణి. ఎవరి వేళ్ళూ ఆయన వేళ్ళలాగా కదిలేవి కావు.

పన్నెండేళ్ళ తర్వాత, అంటే కిందటేడు, తొర్రూరు బస్సులో ఖాళీ ఉన్న ఒక్క సీటూ ఆయన పక్కనే దొరికింది. రిటైరై ఉన్నాడు. ఖాకీ లేదు, చెవి మీద పెన్ను లేదు, జుట్టు మాత్రం అట్లాగే నూనెతో మెరుస్తోంది. జరుగుతూ చోటిచ్చాడు. పిల్లల సంగతి అడిగాడు, అమ్మ సంగతి అడిగాడు. వర్ధన్నపేట దాటే దాకా ఏవేవో మాట్లాడాను. తర్వాత ఆగలేకపోయాను. మీద పడ్డ బరువు దించుకుందామని కూడా కాదు. నేను చేసింది ఆయనకు తెలియకుండా పోవడం కూడా ఆయన గెలుపే అనిపించింది. ఆ ఉత్తరం రాసింది నేనే అన్నా, అని చెప్పాను.

ఆయన కిటికీలోంచి చూస్తూ, ఎరుకనే తమ్మీ అన్నాడు.

ఎట్లా ఎరుక అని అడిగాను. నీ టికెట్లు చూసిన వాళ్ళు వందల మంది, అందరికీ అట్లాగే రాసేవాడివి కదా అన్నాను.

"అందరికెందుకు రాస్త? వాళ్ళకు అంకె ఏస్తే సాలు. సదివేటోడివి నువ్వొక్కనివే ఉంటివి గద."

మేనేజరు మొదటిసారి ఆ టికెట్టు తన ముందు పెట్టిన క్షణంలోనే ఆయనకు తెలుసు. నా గది తలుపు కొట్టినప్పుడు తెలుసు. టీ ఇప్పించినప్పుడు తెలుసు. మరి చదవడానికి నన్నే ఎందుకు పిలిచావన్నాను. ప్రొఫెసరుగారిని తీసుకుపోతే ఇది ఎవరికి రాశావని ఆయన అడిగేవాడని, మేనేజరుకైతే ఏమైనా చెప్పొచ్చు గానీ ఆ పెద్దాయన ముందు అబద్ధం నోటికి రాదని, నీ పేరు బయటపడితే ఆయన నిన్ను మళ్ళీ గడప ఎక్కనివ్వడని చెప్పాడు. నీకు ఆ జర్మనీ మీద ఎంత పానముండెనో నేను చూడలేదా అన్నాడు.

అప్పుడు నాకు సిగ్గు ముంచుకొచ్చిందని రాస్తే బాగుంటుంది. నిజానికి వచ్చింది పాత మంటే. నేను దొంగనై కూర్చున్న చోట కూడా ఈ మనిషి నాకన్నా పెద్దవాడై కూర్చున్నాడు. ఇందులో అయినా ఆయనను కిందికి లాగాలనిపించింది. ఆయనలో కాస్త చిన్నతనం కనబడితే నా ప్రాణం కుదుటపడుతుంది. అందుకే, నీకు నా మీద కోపం రాలేదా అని గుచ్చి గుచ్చి అడిగాను.

"వచ్చింది. మూడు దినాలు బువ్వ సయించలే" అని, నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "కొత్తవాడకు పోవాలని నాక్కూడ ఉండె తమ్మీ. ఆ దినానికని కొత్త అంగీ కుట్టిచ్చుకున్న."

రాయపర్తిలో ఏదో పనుందని ఆయన దిగిపోయాడు. పన్నెండేళ్ళు ఆ మనిషి మీద ఏడ్చాను. ఆయనకు కూడా ఏదైనా కావాలని ఉంటుందన్న సంగతి ఒక్కనాడూ నా బుర్రకు తట్టలేదు.